టర్బో కారుకు ఇంకొంచెం బలం: నిజం చెప్పే పెట్టె, అబద్ధం చెప్పే పెట్టె

కారు పెట్రోలుతో నడుస్తుందని అందరమూ అంటాము. అది సగం మాటే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఇంజను తినే తిండిలో ఎక్కువ భాగం గాలే. పెట్రోలును పంపుతో ఎంత కావాలంటే అంత తోయవచ్చు. గాలిని లోపలికి తెచ్చేదే కష్టం.

నేను పదో తరగతి చదువుతున్నాను. మాది హోసూరు. మా చిన్నాయనకు బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. సెలవుల్లో నేనూ అక్కడికి పోతా ఉంటాను. టర్బో ఉన్న కార్లతో వచ్చే కుర్రవాళ్లు ఎక్కువగా అడిగే మాట ఒకటే: "అన్నా, దీనికి ఇంకొంచెం పవర్ పెంచేకి అవుతుందా?" ఇంజను మార్చేది వాళ్లకు వద్దు. బండి కంపెనీ ఇచ్చినట్టే ఉండాల, కానీ ఎక్కుడు వచ్చినప్పుడు కొంచెం ఊపు రావాల. ఈ కోరిక వాళ్లకు కొత్తగా పుట్టింది కాదు. టర్బో కార్లు అమ్మకానికి వచ్చి 60 ఏళ్లు దాటింది. ఆ కోరిక కూడా వాటితోపాటే వచ్చింది. ఇన్నేళ్లలో ఎవరు ఏమి చేశారు, ఏది నిలిచింది, ఏది చెడింది అని వెదికి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. దానినే ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను.

పొగతో పోయే బలం

ఇంజనులో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగ రూపంలో సైలెన్సరు గుండా బయటికి పోతుంది. ఆ పోయే శక్తిని పట్టుకోవచ్చు కదా అని ఆలోచించినవాడు ఆల్‌ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు. 1905లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొనలో ఇంకొక చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. చెప్పేదానికి సులభం. కానీ ఆ వేడిని, ఆ వేగాన్ని తట్టుకునే లోహాలు అప్పుడు లేవు. బూషీ పట్టు విడవలేదు. 20 ఏళ్ల తర్వాత, 1925లో, ఒక డీజిల్ ఇంజను బలాన్ని 40 శాతానికి పైగా పెంచి చూపించాడు.

ఈ మధ్యలో అమెరికాలో ఇంకొక పని జరిగింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్లు నీరసించేవి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక విమాన ఇంజనును లారీపై కట్టుకుని కొలరాడోలోని పైక్స్ పీక్ అనే కొండమీదికి తీసుకుపోయాడు. ఆ కొండ ఎత్తు 14,000 అడుగులకు పైనే. కింద 350 హార్స్ పవర్ ఇచ్చే ఇంజను, ఆ శిఖరం మీద టర్బో లేకుండా 230 మాత్రమే ఇచ్చింది. టర్బో పెట్టినాక 356 ఇచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బి-17 వంటి బాంబర్లు ఎత్తున ఎగరగలిగింది ఈ పరికరంతోనే.

ఈ కొండ కథ మనకూ వర్తిస్తుంది. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం చెన్నైలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. టర్బో లేని కారు చెన్నై నుంచి మన ఊరికి వచ్చేసరికి, దాని బలంలో దాదాపు అంత భాగం ఎవరూ దొంగిలించకుండానే పోతుంది. టర్బో ఉన్న కారు ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. కృష్ణగిరి నుంచి ఎక్కి వచ్చేటప్పుడు రెండు రకాల బండ్లకూ తేడా తెలిసేది అందుకే.

మొదటి కారు, మరచిపోయిన సీసా

టర్బో కార్లు అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. జనరల్ మోటార్స్ సంస్థే రెండు కార్లను తెచ్చింది. ఒకటి షెవ్రొలే కోర్వెయిర్ మోంజా స్పైడర్, రెండోది ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్ కథలో మనకు కావలసిన పాఠం ఉంది.

ముందు ఒక చిన్న భౌతికశాస్త్రం. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనమందరమూ చూసిందే. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. టర్బో కూడా అంతే. ఆ వేడి గాలి పెట్రోలుతో కలిసి సిలిండరులోకి పోయి, అక్కడ పిస్టన్ మళ్లీ నొక్కితే, స్పార్క్ ప్లగ్గు నిప్పు మొదలుపెట్టిన తర్వాత మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. బయటికి గులకరాళ్లు డబ్బాలో ఆడినట్టు వినిపిస్తుంది. ఎక్కువసేపు జరిగితే పిస్టన్ పగిలిపోతుంది, లేదా దానికి తూటు పడుతుంది.

జెట్‌ఫైర్ ఇంజనులో పిస్టన్ గాలిని 10.25 రెట్లు నొక్కేది. టర్బో కారుకు ఇది చాలా ఎక్కువ. నాకింగ్ రాకుండా ఉండేదానికి కంపెనీవాళ్లు నీళ్లు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చల్లే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం ఆవిరై గాలిని చల్లబరిచేది. 3.5 లీటర్ల ఇంజను 215 హార్స్ పవర్ ఇచ్చింది. ఆలోచన బాగుంది. కానీ ఆ సీసాను నింపేది బండి యజమాని పని. చాలామంది నింపలేదు. సీసా ఖాళీ అయితే టర్బో బలం తగ్గిపోయే ఏర్పాటు ఉండేది, అప్పుడు బండి మందంగా నడిచేది. ఫిర్యాదులు వచ్చాయి. చివరికి చాలా కార్లకు టర్బో విప్పేసి మామూలు కార్బురేటరు పెట్టించారు. రెండేళ్లలో 10,000 కార్లు కూడా అమ్మకుండానే జెట్‌ఫైర్ ఆగిపోయింది.

తప్పు టర్బోది కాదు. మనిషి ప్రతి వారం గుర్తుపెట్టుకోవలసిన ఒక పనిమీద ఇంజను ప్రాణాన్ని ఆధారపరచడమే అక్కడి లోపం.

1973లో జర్మనీలో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. వాళ్లు ఇంకొక దారి పట్టారు. నాకింగ్ రాకుండా పిస్టన్ నొక్కుడును 6.9కి తగ్గించేశారు. టర్బో లేని 2002 టిఐఐ 130 హార్స్ పవర్ ఇస్తే ఇది 170 ఇచ్చింది. కానీ టర్బో తిరగడం అందుకునేదాకా బండి నీరసంగా ఉండేది, అందుకున్నాక ఒక్కసారిగా ఎగిరిపడేది. ఆ కారు ముందు ప్యానెలులో ఒక చిన్న గడియారంలాంటి బూస్ట్ మీటరు ఉండేది. టర్బో ఇప్పుడు ఎంత పీడనం ఇస్తోందో డ్రైవరుకు అది చూపించేది. ఈ మీటరును గుర్తుపెట్టుకోండి. చమురు సంక్షోభం అదే ఏడు రావడంతో ఆ కార్లు 1,672 మాత్రమే తయారయ్యాయి.

విని తగ్గించే ఇంజను

స్వీడన్ దేశపు సాబ్ చిన్న కంపెనీ. కొత్తగా పెద్ద ఇంజను చేసే డబ్బు దాని దగ్గర లేదు. కానీ 1969లో లారీలు చేసే స్కానియాతో కలిసింది, కాబట్టి టర్బో డీజిళ్ల అనుభవం ఇంట్లోనే ఉంది. పెర్ యిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు నాయకత్వంలో 2 లీటర్ల ఇంజనుకే టర్బో పెట్టి 1977లో సాబ్ 99 టర్బోను చూపించారు. 118 హార్స్ పవర్ ఇచ్చే ఇంజను 145 ఇచ్చింది. వాళ్లు పెద్ద టర్బో పెట్టలేదు. తక్కువ వేగంలోనే అందుకునే చిన్న టర్బో పెట్టారు. పీడనం హద్దు దాటకుండా వేస్ట్‌గేట్ అనే తలుపు పెట్టారు. టర్బో పీడనం ఒక స్ప్రింగును నొక్కుతుంది. హద్దు చేరగానే తలుపు తెరుచుకుని కొంత పొగ టర్బోను తాకకుండా పక్కకు పోతుంది.

ఇంజనీర్లు ఈ తలుపును భద్రత కోసం పెట్టారు. బండి యజమానులు మాత్రం దానిలో అవకాశం చూశారు. ఆ స్ప్రింగుకు పీడనం చేరవేసే సన్నని రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దానిలో చిన్న రంధ్రమో, కుళాయిలాంటి వాల్వో పెడితే కొంత గాలి కారిపోతుంది. అసలు పీడనం 0.7 బార్ ఉన్నా, ఇంకా అంత రాలేదని తలుపు అనుకుంటుంది, తెరుచుకోదు. పీడనం పెరుగుతుంది, బండి దూకుతుంది. ఖర్చు చాలా తక్కువ. టర్బో కార్లకు జరిగిన చిన్న మార్పుల్లో అన్నిటికంటే చవకైనది ఇదే. దీని సంగతి సూటిగా చెప్పాలంటే, అది వేస్ట్‌గేటుకు చెప్పే అబద్ధం.

సాబ్ ఇంజనీర్లు ఏమి చేశారంటే, 1982 మోడల్ టర్బో కార్లకు ఏపీసీ అనే ఏర్పాటు పెట్టారు. ఇంజను బ్లాకుకు ఒక సెన్సరు బిగించారు. అది డాక్టరు స్టెతస్కోపులాగా నాకింగ్ చప్పుడును వింటుంది. చప్పుడు వినిపిస్తే ఒక ఎలక్ట్రానిక్ పెట్టె వెంటనే వేస్ట్‌గేట్ తెరిపించి పీడనం తగ్గిస్తుంది. చప్పుడు లేకపోతే హద్దు దాకా పీడనాన్ని రానిస్తుంది. మంచి పెట్రోలు పోస్తే బండి బాగా లాగుతుంది. నాసిరకం పోస్తే తనే నెమ్మదిస్తుంది. జెట్‌ఫైర్‌లో మనిషి గుర్తుపెట్టుకోవలసిన పనిని ఇక్కడ ఇంజనే చూసుకుంది.

ఇంకొకటి గమనించాలి. ఈ పెట్టె వచ్చాక పిస్టన్ నొక్కుడును 7.2 నుంచి 8.5కు పెంచగలిగారు. అయినా బలాన్ని 145 దగ్గరే ఉంచారు. దొరికిన లాభాన్ని పెట్రోలు ఆదా చేసేదానికి వాడారు.

ఆ తర్వాత ఇంటర్‌కూలరు చేరింది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజనులోకి పోకముందే చల్లబరిచే రేడియేటరు అది. నేను మన పాఠంలోని సూత్రంతో లెక్క వేసి చూశాను. 100 డిగ్రీల గాలి 55 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. కెల్విన్‌లో 373 నుంచి 328. అదే పీడనంలో 373ను 328తో భాగిస్తే 1.137. అంటే పీడనం పెంచకుండానే సుమారు 14 శాతం ఎక్కువ గాలి లోపలికి పోతుంది. పైగా గాలి చల్లగా ఉంది కాబట్టి నాకింగ్ భయమూ తగ్గుతుంది. సిలిండరుకు నాలుగు వాల్వులు, ఇంటర్‌కూలరు చేరేసరికి అదే 2 లీటర్ల సాబ్ ఇంజను 175 హార్స్ పవర్ ఇచ్చింది. 1977లో 145, ఇప్పుడు 175. ఈ వరుసను చూడండి. ముందు వినడం, తర్వాత చల్లబరచడం, ఆ తర్వాతే బలం.

కార్ల పందేల్లో మాత్రం కథ వేరు. 1977లో రెనో కంపెనీ 1.5 లీటర్ల టర్బో కారును ఫార్ములా వన్‌లో దించింది. అది ఎన్నోసార్లు పొగలు కక్కుతూ ఆగిపోయేది కాబట్టి దానికి పసుపు టీ కెటిల్ అని పేరు పెట్టారు. 1979లో ఫ్రాన్సులో అదే కంపెనీ గెలిచింది. తర్వాత పీడనం ఎంతగా పెరిగిందంటే 1987లో 4 బార్ అనీ, 1988లో 2.5 బార్ అనీ హద్దు పెట్టి, 1989 నుంచి టర్బోను నిషేధించారు. పందెంలో ఇంజను ఒక్కరోజు బతికితే చాలు. మన బండి పదేళ్లు బతకాలి.

మన దేశానికి వచ్చేసరికి

మన దగ్గర టర్బో ఎక్కువమందికి చేరింది డీజిలు కార్లతో. ఫియట్ తయారుచేసిన 1248 సీసీ డీజిల్ ఇంజను మారుతి, టాటా కార్లలో కూడా వచ్చింది. స్విఫ్టులో అది సుమారు 75 హార్స్ పవర్ ఇస్తే, ఎర్టిగాలో 90 ఇచ్చింది. షెడ్డుకు వచ్చేవాళ్లు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. "ఇంజను ఒకటే కదా అన్నా, నా బండిలో 15 దాచిపెట్టారు!" అని. దాచిపెట్టలేదు. 90 ఇచ్చే ఇంజనుకు టర్బోనే వేరు. దాని లోపలి రెక్కలు కోణం మార్చుకుంటాయి. దానికి తగ్గట్టు కంప్యూటరు లెక్కలు కూడా వేరు.

డీజిలులో ఇంధనం పీడనాన్ని ఒక సెన్సరు కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. మార్కెట్టులో దొరికే చవక ట్యూనింగ్ పెట్టె ఈ ఇద్దరి మధ్య కూర్చుంటుంది. పీడనం ఉన్నదానికంటే తక్కువగా ఉందని కంప్యూటరుకు చెబుతుంది. పాపం కంప్యూటరు నమ్మి ఇంకా పెంచుతుంది. డీజిలు ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది. కానీ డీజిల్ ఇంజనులో హద్దు వేడి దగ్గర ఉంటుంది. గాలికి మించి డీజిలు పడితే నల్లపొగ వస్తుంది, పొగ వేడి పెరుగుతుంది. పిస్టన్లూ, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో చక్రమూ ఆ వేడిని భరించాలి. సాబ్ పెట్టె ఇంజను చెప్పేది వినింది. ఈ పెట్టె ఇంజనుకు అబద్ధం చెబుతుంది. రెండూ చూసేదానికి చిన్న పెట్టెలే.

మాకు తెలిసిన ఒకాయన కారును బాడుగకు నడిపి ఇల్లు గడుపుకుంటాడు. ఆయన కొడుకు ఇట్లాంటి పెట్టె ఒకటి తెచ్చి తగిలించినాడు. మొదటి నెలంతా సంబరమే. బండి నిండా మనుషులు, పైన సామాను, ఎండాకాలం, ఎక్కుడు దారి, వీటన్నిటితో నాలుగో నెలలో టర్బో పోయింది, ఒక పిస్టన్ కరిగింది. బండి చిన్నాయన షెడ్డులో ఐదు వారాలు నిలిచింది. ఆ ఐదు వారాలూ బాడుగ లేదు, బ్యాంకు కంతు మాత్రం ఆగలేదు. ఆ ఇంటి చిన్న పాప మన బడిలోనే చదువుతుంది. అందుకే ఇది యంత్రాల సంగతి మాత్రమే అని నాకు అనిపించలేదు.

కంపెనీ వదిలిపెట్టిన ఖాళీ ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. అది మిగులు కాదు. ఎండాకాలానికీ, నాసిరకం ఇంధనానికీ, మూసుకుపోయిన ఫిల్టరుకూ, ఏడుగురు కూర్చున్న బండికీ వదిలిన చోటు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్లు అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి అవుతుంది.

మరి ఏమి చేయవచ్చు?

చిన్నాయన బలం పెంచమని వచ్చేవాళ్లతో అనే మాట ఇది: "పోయిన బలం ముందు తెచ్చుకోప్పా. లేని బలం సంగతి తర్వాత చూస్తాం." చరిత్ర చదివినాక ఆ మాటలో ఎంత విషయం ఉందో తెలిసింది. నాలుగైదేళ్లు నడిచిన టర్బో బండిలో గాలి ఫిల్టరు మూసుకుని ఉంటుంది. టర్బోకూ ఇంటర్‌కూలరుకూ మధ్య రబ్బరు గొట్టం పగిలి గాలి కారుతూ ఉంటుంది. ఇంటర్‌కూలరు రెక్కల్లో మట్టీ పురుగులూ నిండి ఉంటాయి. ఇవి బాగుచేస్తేనే చాలామంది "కొత్త బండిలా ఉంది" అంటారు. దీనికి ఏ అధికారి అనుమతీ అక్కరలేదు.

తర్వాత నూనె. టర్బో ఇరుసు సన్నని నూనె పొరమీద తేలుతూ తిరుగుతుంది. ఎక్కుడు ఎక్కి వచ్చి వెంటనే తాళం తిప్పి ఆపేస్తే నూనె ప్రవాహం ఆగిపోతుంది, ఇరుసు దగ్గర మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజనును ఊరకే తిరగనిచ్చి ఆపితే టర్బో ఆయుష్షు పెరుగుతుంది. సమయానికి మంచి నూనె మారిస్తే ఇంకా పెరుగుతుంది.

మూడోది బూస్ట్ మీటరు. 1973 బీఎండబ్ల్యూలో ఉండింది కదా, అదే. అది బలాన్ని ఏమీ పెంచదు. కానీ డ్రైవరుకు నిజం చెబుతుంది. రోజూ ఒక చోటికి పోయే ముల్లు ఈరోజు అక్కడికి పోలేదంటే ఎక్కడో గాలి కారుతోందని బండి ఆగకముందే తెలుస్తుంది. ఇంకా బలం కావాలనుకునేవాళ్లు చట్టం ఒప్పుకునేది ఏదో ముందు తెలుసుకుని, బ్రేకులూ టైర్లూ సరిచూసుకుని, ఆ తర్వాతే ఆలోచించాలి.

మన బడినుంచి ఐటీఐకీ, పాలిటెక్నిక్‌కూ పోయేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. బండికి ఏదైనా కొత్తగా తగిలించమని ఎవరైనా మీ దగ్గరికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కువ ఇంధనానికి సరిపడా గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టే వేడి ఎక్కడికి పోతుంది? దీన్ని తగిలించినాక ఇంజనుకు నిజం తెలుస్తుందా, తెలియదా? జెట్‌ఫైర్ రెండో ప్రశ్నకు జవాబును మనిషి జ్ఞాపకానికి వదిలి ఆగిపోయింది. సాబ్ మూడిటికీ జవాబు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా బలం పెంచుకుంది. ఐదు వారాలు షెడ్డులో నిలిచిన ఆ కారుకు పెట్టె తగిలించేటప్పుడు ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు.